తడి చాలలేదు

మా అత్త కుక్కల్ని 'మీరు' అంటుంది. నన్ను 'ఏమే' అంటుంది. పదకొండేళ్ళ కాపురంలో ఆమె గురించి నేను తెలుసుకున్నదంతా దాదాపు ఈ రెండు మాటల్లోనే ఉంది. ఎదురుగా ఉంటే నేనూ 'అత్తయ్యా' అంటాను, 'మీరు' అంటాను. ఇప్పుడు ఎదురుగా లేదు కాబట్టి అత్త అనే రాస్తాను.

ఆమెకి మనుషులంటే పడదు. అందరూ కాదు, మూడు రకాల వాళ్ళే. కుక్క కనపడగానే గొంతు సన్నం చేసి మాట్లాడేవాళ్ళు, అడక్కుండా పైనుంచి దాని తల మీద చెయ్యి వేసేవాళ్ళు, 'మా ఇంట్లోనూ ఒకటుండేది' అని మొదలుపెట్టేవాళ్ళు. ఈ మూడు రకాల్నీ తీసేస్తే ఇక మిగిలేవాళ్ళెవరో నాకు తెలీదు. ఆమె కన్నకొడుకు, అంటే మా ఆయన, మూడో రకంలోకి వస్తాడు. వాళ్ళింట్లో నిజంగానే ఎప్పుడూ ఏదో ఒక కుక్క ఉండేది.

మామయ్య పోయేనాటికి మా ఆయనకి ఏడేళ్ళు. చూపు లేనివాళ్ళకి దారి చూపే కుక్కల్ని తయారుచేసే బడిలో అత్త ఊడ్చే పనికి చేరింది. చేరిన రెండో నెలలో ఒక కుక్క ఇనుప జాలీ మెట్ల దగ్గర ఆగిపోయింది. జాలీలోంచి కింద నేల కనపడుతోంటే అడుగు వేయనంటుంది. శిక్షకుడు లాగాడు, తిట్టాడు, తినడానికి చూపించాడు. మా అత్త చీపురు పట్టుకెళ్ళి నాలుగో మెట్టు మీద, కుక్కకి వీపు పెట్టి కూర్చుంది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. అరగంటకి ఆ కుక్క వచ్చి ఆమె మోచేతికి ముక్కు ఆనించింది. మర్నాటి నుంచి ఆ బడి తాళాలు ఆమె నడుముకి చేరాయి, ఇరవై ఆరేళ్ళు దిగలేదు.

నలభైకి పైగా కుక్కల్ని పెంచి ఇచ్చిందట. అప్పగింత రోజున ఒక్కసారీ బయటికి రాలేదు. ముందు గదిలో చప్పట్లు, కన్నీళ్ళు, ఫొటోలు. వెనకాల ఈమె నీళ్ళ పైపు పట్టుకుని కుక్కల గూళ్ళు కడుగుతూ, బకెట్లతో అవసరమైనదానికన్నా గట్టిగా చప్పుడు చేసేది. మా ఆయన చెప్పాడు ఈ సంగతి. ఏడుపు వినపడకుండానా అని అడిగాను. అమ్మ సంగతి తెలిసిందేగా అన్నాడు. ఆయన ఏది అడిగినా అదే జవాబు. లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళోవాళ్ళ లిఫ్టులన్నీ బాగుచేస్తాడు కానీ ఇంట్లో మాత్రం మా ఇద్దరి మధ్యా, ఏ అంతస్తులోనూ ఆగకుండా ఇరుక్కుపోతాడు.

రెండేళ్ళ కిందట ఆ బడి మూసేశారు. కుక్కల్ని పరిశోధన కేంద్రం తీసుకుంది. అప్పగింత జాబితాలో పదకొండు కుక్కలు, నలభై గిన్నెలు, రెండు తూకం యంత్రాలు, ఆఖరి వరసలో మా అత్త. అదే కేంద్రంలో నాకు ప్రయోగశాలలో పని దొరికింది. అంతకుముందు ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేసేదాన్ని. నేను వస్తున్నానని ఇంట్లో చెప్పలేదు. మొదటిరోజు వరండాలో ఎదురుపడితే, నన్ను కిందనుంచి పైదాకా చూసి, "ఇంట్లో సరిపోలేదా?" అంది. అంతే, ఆ తరవాత కేంద్రంలో మేమిద్దరం అవసరం లేకుండా మాట్లాడుకోలేదు.

కేంద్రం చేసే పని ఇది. కుక్క పక్కన కూర్చుంటే మనిషికి నిజంగా మేలు జరుగుతుందా, జరిగితే ఎంత, అది ఎన్నాళ్ళు నిలుస్తుంది? ప్రమాదం తరవాత నిద్రపట్టనివాళ్ళు, మంటలార్పే ఉద్యోగం చేసి చేసి ఉలిక్కిపడేవాళ్ళు, అత్యవసర విభాగం నర్సులు, ఇలాంటివాళ్ళు వస్తారు. నీలం సోఫా ఉన్న గదిలో ఇరవై నిమిషాలు కుక్కతో ఉంటారు. గోడకున్న అద్దం వెనక ఒకరు కూర్చుని చూస్తారు. గదిలోకి వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి నోట్లో దూది పెట్టుకుని నములుతారు. ఆ ఉమ్మిలో మనసు మీద బరువు ఎంతుందో తెలిపే పదార్థం ఉంటుంది. దాన్ని కొలిచి అంకె రాయడం నా పని.

మనిషికి తీసినట్టే కుక్కకీ తీయాలి. పుల్లకి చుట్టిన పొడుగాటి దూది దాని బుగ్గలోపల నిమిషంపైన ఉంచాలి. పనికి ముందు తీసింది ఎర్రమూత గొట్టంలో, పని అయ్యాక తీసింది నీలంమూత గొట్టంలో. కుక్క పక్కన కూర్చుని మనిషి తేలికపడితే ఆ బరువు ఎక్కడికి పోతోంది, కుక్క మీదకేనా? మేడమ్‌కి కావలసింది ఇదే. ఆ మేడమ్ పరిశోధన అంతటికీ పెద్ద. బక్కపలచని మనిషి, కుర్చీలో కూర్చోగా ఎవరూ చూడలేదు, నిలబడే బిస్కెట్లు తింటుంది, నిలబడే అందరినీ తిడుతుంది. అత్త ఆమెకి 'బిస్కెట్ల మనిషి' అని పేరు పెట్టింది. "కుక్క నోట్లో దూది పెట్టి దాని మనసు చదువుతుందట. మొహం చూసి చదవడం రాదు పాపం" అని గూళ్ళ దగ్గర పనివాళ్ళందరి ముందూ అనేది. మేడమ్‌కీ ఇది తెలుసు. గూళ్ళవైపు వచ్చినప్పుడల్లా అత్త గుమ్మానికి అడ్డంగా నిలబడి, లోపల తడిగా ఉంది, జారతారు అనేది. లోపల ఎప్పుడూ తడిగానే ఉండేది.

పని ఎలా చెయ్యాలో నేర్పడానికి మొదటివారం మేడమ్ అందరినీ కూర్చోబెట్టింది. అత్త పది నిమిషాలుండి, గిన్నెలు కడగాలని లేచి వెళ్ళిపోయింది. ఆ మిగతా గంటలో చెప్పినదంతా ఒక కాగితం మీద అచ్చువేసి గూళ్ళ తలుపుకి మేకు కొట్టి తగిలించారు. అత్తకి చదవడం బాగానే వచ్చు. ఆ మేకుకి తన రబ్బరు ఆప్రాన్ తగిలించుకుంది. రెండేళ్ళు ఆ కాగితం ఆప్రాన్ కిందే ఉంది.

పదకొండు కుక్కల్లో ఒకటి పెద్దాయన. ఆ పేరు అత్తదే. తేనెరంగు, తొమ్మిదేళ్ళు, ఎడమ చెవి కొస తెగి ఉంటుంది. చూపులేని ఒక టైలర్ దగ్గర నాలుగేళ్ళు ఉద్యోగం చేసి, ఆయన పోయాక తిరిగొచ్చాడు. ఏ గదిలోకి వెళ్ళినా ముందు అక్కడి మనిషి కాళ్ళదాకా వెళ్ళి, కూర్చుని, ఎదురుచూస్తాడు. మీద పడడు, నాకడు. ఏడ్చేవాళ్ళు ఏడ్చేదాకా ఆగుతాడు. "లేవండి పెద్దాయనా, పొద్దెక్కింది" అని అత్త లేపుతోంటే నేను విన్నాను. ఆ గొంతుతో ఆమె మనిషితో మాట్లాడగా వినలేదు. నాకు కుళ్ళు పుట్టింది. దాచుకోవడం ఎందుకు, కుక్కని చూసి కుళ్ళుకున్నాను.

మొదట్లో పెద్దాయన నీలంమూత గొట్టాలు ఎండిపోయి వచ్చేవి. దూదిలో తడి లేకపోతే యంత్రం అంకె ఇవ్వదు. అలాంటప్పుడు చీటీ రాసి వెనక్కి పంపాలి. నేను ఎర్రసిరాతో రాసేదాన్ని: 'తడి చాలలేదు. మళ్ళీ తీయండి.' నిబంధన ప్రకారం చీటీ చాలు, ఎర్రసిరా నా సొంతం. పదకొండేళ్ళుగా నా వంటలో ఉప్పు చాలలేదని, నేను ఆరేసిన దుప్పటికి ఎండ చాలలేదని, నేను తుడిచిన గచ్చుకి నీళ్ళు చాలలేదని చెప్పిన మనిషికి 'చాలలేదు' అని రాసి పంపడంలో ఎంత తృప్తి ఉంటుందో అనుభవిస్తే తెలుస్తుంది. వారానికి ఐదు, ఒక్కోరోజు రెండు కూడా పంపాను.

నాలుగో నెలలో ఉన్నట్టుండి చీటీల అవసరం పోయింది. గొట్టాలు నిండుగా వస్తున్నాయి. నా దెబ్బకి దారికొచ్చింది అనుకుని మురిసిపోయాను.

ఆ మురిపెం మరో రెండు నెలలే ఉంది. పెద్దాయన ఎర్రమూత అంకె, నీలంమూత అంకె ఏ రోజు చూసినా ఒకటే. మిగతా పది కుక్కలవీ పైకీ కిందకీ పోతుంటే ఈయనది మాత్రం గీత గీసినట్టు ఉంది. రక్తపరీక్షల్లో తొమ్మిదేళ్ళు పనిచేసినదాన్ని, నాకా తెలియనిది? అవి రెండు పూటల ఉమ్మి కాదు. పొద్దున్నే, కుక్క నిద్రమత్తులో ఉన్నప్పుడు, ఒకేసారి రెండు దూదులు తీసి ఒకటి ఎర్రమూతలో, ఒకటి నీలంమూతలో పెడుతోంది మా అత్త.

నేను మేడమ్‌కి చెప్పలేదు. భయపడి కాదు, జాలిపడీ కాదు. ఇన్నేళ్ళకి మా అత్త గుట్టు ఒకటి నా గుప్పిట్లోకి వచ్చింది. దాన్ని అప్పుడే ఖర్చుపెట్టబుద్ధి కాలేదు. ఇంట్లో ఆమె ఏమన్నా లోపల్లోపల 'అను, అను, నీ పని నా దగ్గరుంది' అనుకుంటూ అంట్లు తోముకునేదాన్ని. అలా ఏడాది పైన గడిచింది.

ఈలోగా మేడమ్ ఆ అంకెలు చూసి ఆశ్చర్యపోయింది. ఎంత బరువు మోస్తున్న మనిషి పక్కన కూర్చున్నా ఈ కుక్కకి ఏమాత్రం అలసట లేదు. రోజుకి రెండుసార్లు గదిలోకి వెళ్ళే పెద్దాయన్ని మూడుసార్లు పంపారు. అంకె కదల్లేదు. నాలుగు. కదల్లేదు. ఐదు. అందరికన్నా కష్టమైన మనుషుల్ని ఆయన దగ్గరికే పంపడం మొదలుపెట్టారు. వరండాలో ఆయన ఫొటో పెట్టారు.

ఈ మధ్య పెద్దాయన కుడి ముందుకాలు నాక్కుంటున్నాడని పనివాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. వెంట్రుకలు ఊడి, చర్మం ఎర్రబడి, రూపాయి బిళ్ళంత పుండు పడింది. ఒక మధ్యాహ్నం నేను గొట్టాలు తీసుకెళ్తుంటే నీలం సోఫా గది గుమ్మం దగ్గర ఆగిపోయి కనిపించాడు. లోపలికి వెళ్ళడు, వెనక్కి రాడు. ఆవలిస్తున్నాడు, మూతి నాక్కుంటున్నాడు, కళ్ళలో తెల్లగుడ్డు కనపడుతోంది. మెడపట్టీ పట్టుకున్న పనిపిల్ల మెల్లగా లాగితే, తలవంచుకుని వెళ్ళాడు.

అత్త ఆ సాయంత్రం మేడమ్ గదికి వెళ్ళి గొడవపెట్టుకుంది. రెండు గదుల అవతల నాకు వినపడింది. ఆయన అలిసిపోయాడని, కళ్ళుంటే చూడమని, లేకపోతే తను పెంచిన కుక్కల్లో ఒకదాన్ని దారి చూపడానికి పెట్టుకోమని అంది. మేడమ్ గొంతు పెంచలేదు. మొహం చూసి ఎవరికి తోచింది వాళ్ళు చెప్తారనీ, తనకి అంకె కావాలనీ అంది. "ఆ అంకెలు మీ చేతుల మీదుగా వచ్చినవే. అవి ఈ కుక్క బాగుందంటున్నాయి. వాటిని నమ్మొద్దంటారా?" అంది. అత్త తలుపు విసిరేసి బయటికొచ్చిన చప్పుడుకి నా బల్ల మీద గొట్టాలు కదిలాయి.

ఆ రాత్రి భోజనాల దగ్గర కారాలూ మిరియాలూ నూరింది. మేడమ్‌ని, కేంద్రాన్ని, దూదిని కనిపెట్టినవాడిని, అందరినీ. చివరికి నా మీదకొచ్చింది. ఆ మనిషి కింద పనిచేస్తూ అంకెలు అచ్చువేసే నాలాంటివాళ్ళే ఆ కుక్క ప్రాణం తీస్తున్నారంది. మా ఆయన కంచం తీసుకుని లేచాడు. నా గుప్పిట అప్పుడు తెరుచుకుంది.

"ఎరుపూ నీలమూ ఒకే పూట తీసినవి అత్తయ్యా," అన్నాను. "నాకు ఏడాదిగా తెలుసు."

ఆమె ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. నేను ఆగలేదు. నీలంమూత అంకె దేనికో తెలుసా అని అడిగాను. మీ ఆప్రాన్ కింద ఉన్న కాగితంలో నాలుగో వరస చదివారా అన్నాను. పని తరవాత తీసిన అంకె హద్దు గీత దాటి, వరసగా మూడు రోజులు అలాగే ఉంటే ఆ కుక్కకి పని మాన్పించేయాలి, శాశ్వతంగా. మేడమ్ రాసిన నిబంధనే అది. ఆ గీత దాటనివ్వకుండా పట్టుకున్నది మీరే. ఆయన అలిసిపోలేదని రోజూ పొద్దున్నే రాసిచ్చిందీ మీరే. ఐదుసార్లు పంపుతున్నది ఆవిడ కాదు, మీరు.

గెలిచాను. గెలిచిన మొహం ఎలా ఉంటుందో నాకు కనపడలేదు కానీ, ఓడిన మొహం కనపడింది. ఆమె నన్ను తిట్టలేదు. కంచంలోనే చెయ్యి కడుక్కుని తన గదిలోకి వెళ్ళింది. ఆ గది మూల ఒక పాత దుప్పటి నాలుగు మడతలు వేసి నేలమీద పరిచి ఉంటుంది. రెండేళ్ళుగా అక్కడే ఉంది. పని మానిన కుక్కని సిబ్బందిలో ఎవరైనా ఇంటికి తీసుకెళ్ళొచ్చు, మొదటి హక్కు పెంచినవాళ్ళది. ఆ దుప్పటి ఎవరికోసమో అడగాల్సిన అవసరం మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఆమె ముందు అప్పుడు రెండు దారులున్నాయి. మేడమ్‌తో ఉన్నదున్నట్టు చెప్పేస్తే పెద్దాయన అదేరోజు ఆ గదినుంచి బయటపడతాడు, కానీ దొంగ నమూనాలిచ్చిన మనిషికి ఉద్యోగమూ ఉండదు, కుక్కా రాదు. చెప్పకుండా మూడు రోజులు నిజమైన నమూనాలిస్తే అంకె తానే గీత దాటుతుంది, నిబంధన ప్రకారం పని మాన్పిస్తారు, నిబంధన ప్రకారం ఆయన వచ్చి ఆ దుప్పటి మీద పడుకుంటాడు. మూడు రోజులంటే పదిహేనుసార్లు గదిలోకి వెళ్ళడం. ఆమె రెండోదారి పట్టింది. నేనైనా అదే పట్టేదాన్ని.

మొదటిరోజు ఐదోసారి అయ్యాక గూళ్ళ దగ్గర ఆయన నోరు తెరవబోయింది. ఆయన తల తిప్పుకున్నాడు. ఇటు తిప్పితే అటు, అటు తిప్పితే ఇటు. చివరికి మెడ కింద చెయ్యి వేసి, దవడ పట్టుకుని, పుల్ల లోపలికి పెట్టింది. ఆయన కరవలేదు. వణికాడట. నాకు వచ్చిన గొట్టంలో దూది కాగితంలా ఉంది, తడి లేదు. యంత్రం అంకె ఇవ్వలేదు. అంకె లేకపోతే ఆ రోజు లెక్కలోకి రాదు. నేను చీటీ రాయకుండా గొట్టం పట్టుకుని గూళ్ళదాకా వెళ్ళి చూపించాను. మళ్ళీ తీసింది. మళ్ళీ ఎండిపోయే వచ్చింది. రెండోరోజూ అంతే. గుమ్మంలో నిలబడి నేను చూస్తుండగా మూడుసార్లు ఆయన దవడ పట్టుకుంది. మూడోసారికి ఆమె అడుగులు వినగానే పెద్దాయన గూటి మూలకి జరిగి గోడవైపు మొహం పెట్టుకున్నాడు.

అప్పుడు నాకు తట్టింది. మొదటి మూడు నెలల్లో ఎండిపోయి వచ్చిన గొట్టాలూ ఇవే. అప్పుడే ఆ నోరు ఎండిపోయింది. భయపడ్డ మనిషికి నోరు ఎండదా? అది తెలుసుకోవడానికి యంత్రం కావాలా? నేను దాన్ని చెత్తబుట్టలో వేసి ఎర్రసిరా తీశాను. నా చీటీలు భరించలేకే ఆమె పొద్దుటిపూట దొంగతనానికి దిగింది. ఈ సంగతి ఇంకెవరికీ తెలీదు కదా అని సర్దుకోబోయాను. సిగ్గు మాత్రం సర్దుకోలేదు.

మూడోరోజు పొద్దున్న పెద్దాయన మొదటిసారి గదిలోకి వెళ్ళకముందే అత్త రబ్బరు బూట్లతోనే మేడమ్ గదికి వెళ్ళింది. వరండా పొడుగునా తడి అడుగులు. ఐదు నిమిషాలకి నన్నూ పిలిచారు. మేడమ్ నిలబడి ఉంది, అత్తా నిలబడి ఉంది. బల్ల మీద రెండు ఎండిపోయిన దూదులు, దారంతో కట్టిన ఒక చీటీల కట్ట. నా ఎర్రసిరా దూరం నుంచే కనపడింది. అన్నీ దాచుకుంది.

"ఏడాదిన్నరగా నీలంమూతలో పెట్టింది పొద్దుటి ఉమ్మే," అంటోంది అత్త. "పని అయ్యాక ఆయన నోట్లో తడి ఉండదు. మళ్ళీ తీయండి, మళ్ళీ తీయండి అని అరవై మూడు వచ్చాయి. ఒక్కోదానికీ ఆయన దవడ పట్టుకోవాలి. నేను పట్టుకోలేదు."

మేడమ్ చేతిలో బిస్కెట్టు సగంలో ఉంది. దాన్ని బల్ల మీద పెట్టింది. "ఆ నిబంధన నేను రాసింది ఈ కుక్కల కోసమే," అంది. "నా చదువు కోసం కాదు. మీరు దానిమీద ఆప్రాన్ తగిలించారు."

"కాగితం మేకుకి కొడితే కుక్కకి విశ్రాంతి వచ్చేస్తుందా? వచ్చి ఒకసారి చూడాల్సింది."

"మీరు రానిచ్చారా?"

మేడమ్ ఆ ఎండిన దూదిని తీసి కిటికీ వెలుతురులో పెట్టి చూసింది. ఇదీ ఒక జవాబేననీ, రెండేళ్ళ కిందటే వచ్చిన జవాబనీ, దీన్ని మనం చెత్తలో వేశామనీ అంది. 'మనం' అంటున్నప్పుడు నావైపు తిరిగింది. ఆ రెండంకెలూ ఏడాదిన్నరగా ఒకటిగానే ఉంటే నాకు అనుమానం రాలేదా అని అడిగింది.

నా నోరు ఎండిపోయింది. నిజంగానే.

"దాన్నేం అడుగుతారు," అంది అత్త, నావైపు చూడకుండా. "మూతల రంగు చూసి అంకె వేయడం తప్ప దానికేం తెలుసు. ఇంట్లో చూస్తున్నాగా పదకొండేళ్ళుగా."

నాకు ముందు ఒళ్ళు మండింది. పరాయి మనిషి ముందు, నేను చదివిన చదువు ముందు అంత మాట. ఆ మంటలోనే అర్థమైంది. ఇద్దరం పోతే పెద్దాయన్ని ఇంటికి తెచ్చేవాళ్ళుండరు. నా ఉద్యోగం నిలబడింది ఆ తిట్టు వల్లే. నన్ను కాపాడింది నా కోసం కాదు. ఆ సంగతి నాకు అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. నేను తల వంచుకుని ఊరుకున్నాను. తెలుసని ఒప్పుకునే ధైర్యం లేక ఊరుకున్నాను.

ఆ మధ్యాహ్నానికే పెద్దాయన పేరు పని పట్టికలోంచి కొట్టేశారు. ఆయన మీద రెండేళ్ళు రాసినదంతా వెనక్కి తీసుకుంటున్నానని మేడమ్ తన పైవాళ్ళకి తానే రాసింది, ఎవరిమీదా నెట్టలేదు. అది నేను ఒప్పుకోవాలి. అత్తని మాత్రం క్షమించలేదు. తాళాలు అంది, చెయ్యి చాపి. అత్త నడుమునుంచి తీసి ఆ చేతిలో పెట్టకుండా బల్ల మీద పెట్టింది. ఒకరినొకరు చూసుకున్న ఆ చూపులో ఇసుమంత మంచితనం కూడా లేదు.

పెంచినవాళ్ళ హక్కు పోయింది కాబట్టి ఇక సిబ్బందిలో ఎవరైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు, గడువు మూడు రోజులు. ఆ మూడు రోజులూ అత్త ఇంట్లో ఉంది. తోమిన గిన్నెలే తోమింది. నన్ను అడగలేదు. నేను ఎదురుగా వెళ్ళి కూర్చునేదాన్ని, అవసరం లేకపోయినా. ఆమె నన్ను ఒక్కమాట అడగాలని నాకుంది. పదకొండేళ్ళలో ఒక్కసారి, 'నువ్వు చెయ్యగలవు, చేసిపెట్టు' అని. ఆమె గిన్నె తిప్పి అడుగు చూసుకుని మళ్ళీ తోమేది. రెండోరోజు సాయంత్రం నేను ఆ కాగితం నింపి ఇచ్చేశాను. ఆమెకి చెప్పలేదు. అరవై మూడు చీటీలు రాసిన చెయ్యే అది, ఒకటి ఎక్కువైతే ఏం పోయింది.

పెద్దాయన్ని తీసుకొచ్చిన రోజు లిఫ్టు తలుపు మా ఆయనే పట్టుకున్నాడు. గుమ్మంలో అత్త నిలబడి ఉంది. "రండి" అంది, ఆయనతో. నాతో ఏమీ అనలేదు. పక్కకి కూడా జరగలేదు. నేను ఆమెని రాసుకుంటూ లోపలికి వెళ్ళాల్సివచ్చింది.

ఆయన దుప్పటి మీద పడుకున్నాడు. కానీ అత్త చెయ్యి దగ్గరికి రాగానే తల గోడవైపు తిప్పేశాడు. దవడ బిగించుకున్నాడు. నేను నీళ్ళు పెడితే తాగాడు, మా ఆయన చెవి గోకితే ఊరుకున్నాడు, ఆమె చెయ్యికి మాత్రం తల తిప్పాడు. ఆ రెండు రోజుల చెయ్యి అది. నలభై కుక్కల్ని పెంచిన చేతిని ఒక్క కుక్క గుర్తుపెట్టుకుంది. నేను గుమ్మంలోంచి చూశాను. ఆమె ఓడిపోవాలని కోరుకున్న రోజులు నాకు చాలా ఉన్నాయి. ఇది మాత్రం నేను కోరుకోలేదు.

మర్నాడు పొద్దున్న ఆమె చీపురు పట్టుకెళ్ళి ఆ దుప్పటికి రెండడుగుల దూరంలో, ఆయనకి వీపు పెట్టి నేలమీద కూర్చుంది. యాభై తొమ్మిదేళ్ళ మనిషి, మోకాళ్ళు సరిగా వంగవు. గంటసేపు కూర్చుంది. తిరిగి చూడలేదు. ఆ మర్నాడూ కూర్చుంది. నేను పనికి వెళ్ళేటప్పుడు అలాగే ఉండేది, వచ్చేటప్పటికి అలాగే ఉండేది. మధ్యలో లేచిందో లేదో తెలీదు. ఇంట్లో వంట నేనే చేశాను. ఉప్పు చాలలేదని ఆమె అనకపోవడం నాకేమీ బాగాలేదు.

పన్నెండోరోజు సెలవు. మధ్యాహ్నం నేను ముందుగదిలో బట్టలు మడతపెడుతున్నాను. అత్త వచ్చింది. చేతిలో ఒక దిండు గలీబు ఉంది, ముద్దగా. ఆయన తన ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నాడని చెప్పలేదు. నోరు తెరుచుకుని నిద్రపోయాడని చెప్పలేదు. కింద దిండు పెట్టానని, అది రెండు గంటల్లో ఇలా అయిందని చెప్పలేదు. అవన్నీ ఆ తరవాత నేను వెళ్ళి చూసినవే. ఆ గలీబు తెచ్చి నా ఒళ్ళో పడేసింది. కుక్క చొంగతో అది పిండితే కారేలా ఉంది.

"చూడవే," అంది. "చాలుతుందా?"

నా జవాబు కోసం ఆమె ఆగలేదు. మోకాళ్ళు పట్టుకుంటూ తన గదిలోకి వెళ్ళిపోయింది. నా ఒడి తడిసేదాకా నేను ఆ గుడ్డ పట్టుకుని అక్కడే కూర్చున్నాను.